మా చెల్లిని చేరొద్దన్న కోర్సు

అమలాపురం,
జూన్ 16

ఊళ్లో పిల్లలందరూ చేరాలని నా గొంతుతో చాటించిన కోర్సులో మా చెల్లిని మాత్రం చేరొద్దన్నారు మీరు.

ఇదీ మీరు చేసిన అన్యాయం. నమస్కారాలు, క్షేమ సమాచారాలు తర్వాత. కోపం చల్లారితే అప్పుడు రాస్తాను.

నిన్న గంగాభవాని ఓడలరేవు నుంచి బస్సులు మారి కొత్తపేటలో మీ కాలేజీకి వచ్చింది. ఇంటర్ పాసైన కాగితాలన్నీ కవర్లో పెట్టుకుని, నా కొత్త చున్నీ అడిగి వేసుకుని మరీ వచ్చింది. కమ్యూనికేషన్ మేజర్‌లో చేరతానంటే మీరు దాన్ని పక్కకి పిలిచి, "ఈ ఏడాదికి వద్దమ్మా, బీకాంలో చేరు" అన్నారట. ఎందుకండీ అని అడిగితే "అక్కకి నేను చెప్తాన్లే" అన్నారట. నాకేం చెప్పలేదు. అది తిన్నగా అమలాపురం వచ్చి మా మైకు షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "నేను పనికిరానని మొహం మీద చెప్పలేక అలా అనుంటారే అక్కా" అంటోంది.

సరిగ్గా అప్పుడే షాపు ముందు నుంచి దానియేలు నడిపే మా ప్రచారం ఆటో వెళ్లింది. పైన హారన్లో ఎవరి గొంతు? నాదే. మీ కోర్సు గురించే. మా చెల్లి చెవులు మూసుకుంది. నా గొంతు వినలేక మా ఇంటి మనిషి చెవులు మూసుకోవడం ఇదే మొదలు.

మాస్టారూ, ఆ కోర్సు మీరొక్కరే కట్టలేదు. చలికాలమంతా ఆదివారాలు మా షాపు బల్ల మీద కూర్చుని, "డిగ్రీ చేసి పనిలోకొచ్చిన పిల్లలకి ఏం చేతకావటం లేదో చెప్పు" అని మీరడిగితే చెప్పింది నేను. ఆస్పత్రి కౌంటర్లో పిల్లకి రోగి తాలూకు వాళ్లని కంగారు పెట్టకుండా ఒక మాట చెప్పడం రావట్లేదన్నాను. బండారులంకలో కుర్రాళ్లకి చీర ఫోటో పెట్టడం వచ్చు, ఆ చీరకి అంత ధర ఎందుకో రెండు ముక్కల్లో రాయడం రాదన్నాను. మనిద్దరం దానియేలు ఆటోలో ఆ చోట్లన్నీ తిరిగాం. కామర్సులోంచి, జువాలజీలోంచి, చేనేతలోంచి, చట్టంలోంచి తలో పాఠం తెచ్చి, మాటతో కలిపి ఒక చదువు చేస్తానన్నారు. ఆఖరి ఏడాది పిల్లలు క్లాసులో కాదు, పనిచేసే చోటే ఉంటారన్నారు. మీ మొహం చూసి నమ్మాను.

రాజబాబు గారి ఈ మైకు షాపులో చేరినప్పుడు నాకొచ్చింది అరవడమొక్కటే. పునుగుల పొట్లం కాగితాలు పైకి చదువుకుంటూ మాట నేర్చుకునేదాన్ని. రక్తదానం ప్రకటన రికార్డు చేయించడానికి వచ్చిన మీరు విని, "వాక్యం చివర కాస్త ఊపిరి మిగుల్చుకో అమ్మా. ఊపిరి అయిపోయాక చెప్పిన మాట అరువడిగినట్టుంటుంది" అన్నారు. ఆ ఒక్క మాట మీద ఇవాళ్టిదాకా అన్నం తింటున్నాను. అది మర్చిపోయే మనిషిని కాదు. కాదు కనకే ఇంత మండుతోంది.

ఫోన్ చెయ్యొచ్చు. చేస్తే మీరు "భోంచేసేవా అమ్మా" అంటారు, నేను "ఆయ్, అయ్యిందండి" అంటాను, కోపం అక్కడే చచ్చిపోతుంది. అందుకే కాగితం.

ఒకటే అడుగుతున్నాను. మా చెల్లి పనికిరాదా, కోర్సు పనికిరాదా?

శ్రీదుర్గ

*

కొత్తపేట,
జూన్ 20

చిరంజీవి శ్రీదుర్గకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. వేట నిషేధం అయిపోయింది కదా, మీ నాన్నగారు బోటెక్కారా? ఆయన మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇక్కడ ఒక జల్లు పడింది గానీ ఉక్క తగ్గలేదు.

ఈపాటికి నువ్వు పళ్లు నూరుతుంటావని తెలుసు. చెప్తాను.

గంగాభవాని పనికిరాని పిల్ల కాదు. ఆ రోజు మా వరండాలో ఒక పెద్దాయన ఎవరికి ఏం చెప్పాలో తెలియక తిరుగుతున్నారు. మీ చెల్లి నిలబడి ఆయన గోడు మొత్తం విని, ఆఫీసులోకి వెళ్లి దాన్ని మూడు ముక్కల్లో చెప్పి ఆయన పని చేయించింది. అది నేను కిటికీలోంచి చూశాను. ఆ కోర్సు ఎలాంటి పిల్లల కోసం అనుకున్నామో అచ్చం అలాంటి పిల్ల. అందుకే దాన్ని మోసం చెయ్యలేకపోయాను.

పనికిరానిది కోర్సే.

మే నెలలో కాలేజీ కమిటీ కూర్చుంది. మనం అనుకున్నదంతా చదివి వినిపించాను. కామర్సు ఆయన, "మా పీరియడ్లు మీకిచ్చేస్తే రేపు మమ్మల్నెందుకు ఉంచుతారండీ?" అన్నారు. జువాలజీ మేడం, "రొయ్యకి జబ్బు చేస్తే తెలుగు మాస్టారికేం పనండీ?" అన్నారు. అందరూ నవ్వారు. మర్యాదకి నేనూ నవ్వాను. ఆ నవ్వే కొంప ముంచింది. నేను ఒప్పేసుకున్నాననుకుని కరస్పాండెంట్ గారు ఆ పాఠాలన్నీ కొట్టేశారు. ఆఖరి ఏడాది బయటి పని కూడా తీసేశారు. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, స్టేజి మీద మైకు ఎలా పట్టుకోవాలి, ఇవి మిగిలాయి. ముక్కల పులుసులోంచి ముక్కలన్నీ ఏరేసి, ఉత్త పులుసు గిన్నెలో ఉంచి, పేరు మాత్రం మార్చలేదు.

నీకు చెప్పాలనుకుని రెండు ఆదివారాలు అమలాపురం బస్సెక్కాను. ఒకసారి సగం దారిలో దిగిపోయాను. ఇంకోసారి మీ షాపు ఎదురుగా టీ తాగి వచ్చేశాను.

ఇంకొక మాట. అడగాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. నేను రాసిచ్చిన ప్రకటనలో "పనికి సిద్ధం చేసే చదువు" అని ఉంది. మొన్న ఇక్కడ సెంటర్లో ఆటో వెళ్తుంటే చివర్న "చేరితే ఉద్యోగం ఖాయం" అని వినపడింది. కరస్పాండెంట్ గారు చేర్పించారేమోనని అడిగాను. తనకు తెలియదనీ, కానీ చాలా బాగుందనీ అన్నారు. అది ఎవరు చేర్చారో నీకేమైనా తెలుసా అమ్మా?

నీ,
సత్యప్రసాద్

*

అమలాపురం,
జూన్ 25

మాస్టారూ,

నేనే చేర్చాను.

ఎవరూ చెప్పలేదు. మా షాపులో ఏ ప్రకటనైనా ఖాయంతోనే ఆగుతుంది. చీరల మేళాకి తగ్గింపు ఖాయం, లక్కీ డ్రాకి బహుమతి ఖాయం, మూలికల వైద్యుడికి నయం ఖాయం. మీ కాగితం చివరికొచ్చేసరికి నా నాలుక అలవాటైన దారిన పోయింది. తిరిగి వింటే చెవికి నిండుగా ఉంది. దానియేలు కూడా "ఇప్పుడు ఫుల్లుగా ఉందక్కా" అన్నాడు. ఉంచేశాను. ఉంచేసిన సంగతి మీ ఉత్తరం చదివేదాకా గుర్తు కూడా లేదు. అది ఇంకా సిగ్గు.

చీర రంగు దిగిపోతే ఇంకోటి కొనుక్కుంటారు. పిల్లల మూడేళ్లు అలా దిగిపోతే ఏ మేళాలో కొంటారు?

నా సంగతి అది. ఇప్పుడు మీ సంగతి.

మా చెల్లికి నిజం చెప్పారు. సంతోషం. దాని వెనకాల నిలబడ్డ పిల్లకి? ఆ వెనక పిల్లాడికి? వాళ్ల అక్కలు మీకు తెలియదు కాబట్టి, వాళ్లు ఉత్తరం రాసి తిట్టరు కాబట్టి, చేర్చేసుకున్నారా? ఒక్క పిల్లకి చెప్పిన నిజం నిజం కాదు మాస్టారూ, అది చుట్టరికం. పైగా నవ్వారట! ఆ మర్యాదని తీసుకెళ్లి గోదాట్లో కలపండి.

పెద్దవారిని ఈ మాట అన్నాక చాలాసేపు పెన్ను పక్కన పెట్టాను. కొట్టెయ్యాలనిపించలేదు. ఉంచుతున్నాను.

సవరణ ప్రకటన వేస్తానని రాజబాబు గారితో చెప్పాను.

"ఓసి నీ పిచ్చి తగలెయ్య! మైకు షాపు పెట్టేది చెప్పడానికే. చెప్పింది మింగడానికా? రేపు చీరలాయనొచ్చి నాక్కూడా ఖాయం తీసెయ్యండంటే?"

"తీసేద్దామండి."

"ముందు నిన్ను తీసేస్తానే!"

అని లోపలికెళ్లి, మళ్లీ బయటికొచ్చారు. "ఆటో వాడిది. గొంతు నీది. నా షాపు పేరెత్తేవంటే మాత్రం నువ్వు మళ్లీ ఈ మెట్లెక్కక్కర్లేదు."

ఎత్తను. ఆదివారం దానియేలూ నేనూ బయల్దేరుతున్నాం. ఏయే ఊళ్లలో ఖాయం అన్నానో ఆ ఊళ్లన్నిటికీ. మీరు ఆపమన్నా ఆపను.

శ్రీదుర్గ

*

కొత్తపేట,
జూన్ 27

అమ్మా దుర్గా,

ఆపమని రాయడానికే కూర్చున్నాను. నీ పని పోతుందేమోనని, నలుగురూ నిన్ను ఆడిపోసుకుంటారేమోనని. రాయడానికి చెయ్యి రాలేదు.

అయితే ఒకటి. ప్రకటనలో నా పేరు పెట్టు. కోర్సు కట్టిన మనిషి కూడా ఈ మాటే చెప్పమన్నాడని చెప్పు. తిట్లు నువ్వొక్కదానివే తినకు. ఈ కార్డు శనివారంలోగా నీకు అందాలని మా పోస్టుమాస్టరు గారికి స్వయంగా ఇచ్చి వస్తున్నాను.

సత్యప్రసాద్

*

అమలాపురం,
జూలై 4

మాస్టారు గారికి నమస్కారాలండి.

కార్డు అందింది. పేరు పెట్టాను. రికార్డింగు కాదు, దారి పొడుగునా నేనే ఆటోలో కూర్చుని మైకు పట్టుకున్నాను. ఇలా చెప్పాను:

"అమ్మలారా, అయ్యలారా! ఈ గొంతు మీరెరిగిందే. కొత్తపేట కాలేజీలో కొత్త కోర్సులో చేరితే ఉద్యోగం ఖాయమని ఇదే గొంతు మీకు చెప్పింది. అది తప్పు. ఖాయం కాదు. కోర్సు కట్టిన సత్యప్రసాద్ మాస్టారు కూడా ఇదే చెప్పమన్నారు. చేరే ముందు కాలేజీకి వెళ్లండి. ఏం నేర్పుతారో గట్టిగా అడగండి."

మొదటి ఊళ్లో ఆటో ఆపకుండా పోయాం. ఒక తాతగారు చేతికర్రతో అడ్డం పడి, "ఎవరి ఉద్యోగం పోయిందమ్మా?" అన్నాడు. ఆయన ఇంటి ముందు వినపడింది ఆ ముక్కొక్కటే. అప్పట్నుంచి ప్రతి సెంటర్లోనూ ఆటో ఆపి, మొత్తం అయ్యేదాకా కదల్లేదు.

బండారులంకలో ఒకాయన మగ్గం ఆపుకుని బయటికొచ్చాడు. "మైకులో తప్పయిపోయిందని చెప్పగా నా జన్మలో ఇదే వినడం. ఓట్లప్పుడు కూడా వినలేదు!" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఒకావిడుంది. "మావాడు నీ గొంతు విని చేరేడు. ఇప్పుడు నీ గొంతు విని మానెయ్యాలా? పెట్టి తీసెయ్యడానికి మేవేవన్నా నీ రేడియోలో బేటరీలమా?" అంది. మైకు ఆపేశాను. ఆవిడకి దణ్ణం పెట్టి వచ్చాను.

ఓడలరేవులో నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. ఆటో ఆయన ముందే ఆగింది. తలెత్తలేదు. అంతా అయ్యాక దారం కొరుకుతూ, "గట్టిగానే చెప్పేవులే" అన్నాడు. నాన్న నన్ను మెచ్చుకోవడం నాకు గుర్తున్నంతలో లేదు. ఇది మెచ్చుకోవడమే కదండీ?

తిరిగి వస్తుంటే చెరువుల దగ్గర మాణిక్యం గారని ఒకావిడ మమ్మల్ని ఆపింది. రొయ్యల చెరువు చేస్తోంది. "ఖాయం కాదన్నావు, సరే. మరేం వస్తుందో అది చెప్పవే!" అని నిలదీసింది. మీ దగ్గరికి పంపుతున్నాను. ఇంకా చాలామంది వస్తామన్నారు. మాణిక్యం గారు గట్టి మనిషి. ఆవిడ ముందు మాత్రం మర్యాదకి నవ్వకండి.

చీరలాయన తన ప్రకటన వేరే షాపుకి పట్టుకుపోయాడు. రాజబాబు గారు నాతో మాట్లాడటం మానేశారు. పక్కనే నిలబడి దానియేలుతో, "ఆవిడ గార్ని టీ తాగమను, చల్లారిపోతోంది" అంటారు. ఉద్యోగం మాత్రం ఉంది.

శ్రీదుర్గ

*

కొత్తపేట,
ఆగస్టు 11

చిరంజీవి శ్రీదుర్గకు ఆశీస్సులు.

ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోకు. అన్నీ తేలాక రాద్దామని ఆగాను. తేలాయి.

నీ ఆటో తిరిగిన మర్నాటి నుంచే తల్లిదండ్రులు రావడం మొదలుపెట్టారు. వరండా నిండిపోయింది. కరస్పాండెంట్ గారు కిందికి దిగి, "ఎవరండీ వీళ్లంతా?" అన్నారు. "మీరు పిలిస్తేనే వచ్చేం కదండీ, మైకులో!" అందొకావిడ. ఆయన వాళ్లందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టక తప్పలేదు.

నీ మాణిక్యం గారు లేచారు. "అయ్యా, మా చెరువులో రొయ్యలు గట్టు పక్కకొచ్చి తేలిపోయేయి. మా కుర్రోడు డిగ్రీ. రొయ్యల డాక్టరికి ఫోన్ చేసేడు. నీళ్ల రంగేంటి, మేత తిన్నాయా, తోక ఎర్రబడిందా అని ఆయనడిగితే, 'ఏంటోనండి, బాలేవండి' అన్నాడు. ఆయన మందు చెప్పేడు. అది వేరే జబ్బు మందు. చెరువు పోయింది. చూసింది చూసినట్టు చెప్పడం మీ చదువులో ఉందా, లేదా? లేకపోతే బస్సుకి టైమైంది, వెళ్లిపోతాను" అన్నారు.

నేను నవ్వలేదు అమ్మా. "ఉండేదండి. ఇప్పుడు లేదు. తీసేస్తుంటే నేను గట్టిగా వద్దనలేదు" అన్నాను. వాక్యం చివర ఊపిరేం మిగల్లేదు.

అప్పుడు జువాలజీ మేడం లేచారు. రొయ్యకి జబ్బు చేస్తే తెలుగు మాస్టారికేం పనని నవ్వినావిడే. మాణిక్యం గారి దగ్గరికెళ్లి పక్కన కూర్చుని, "తోక ఎర్రబడిందా, తెల్లబడిందా అండీ?" అని మొదలుపెట్టి, ఒక గంట మాట్లాడారు. ఆ సాయంత్రమే నా గదికొచ్చి, "మాస్టారూ, నా పీరియడ్లు తీసుకోండి. చూడ్డం నేను నేర్పుతాను, చెప్పడం మీరు నేర్పండి" అన్నారు. ఆవిడ కదిలాక మిగతావాళ్లు కదిలారు. కామర్సు ఆయన కూడా.

ఆఖరి ఏడాది బయటి పని మళ్లీ వచ్చింది. ఆస్పత్రి, చేనేత సంఘం, చెరువులు, అన్నీ. కొందరు పిల్లలు మానేసి వెళ్లిపోయారు. వాళ్లని తప్పు పట్టలేను. ఉన్నవాళ్లు ఏం నేర్చుకోవడానికి ఉన్నారో తెలిసి ఉన్నారు. బండారులంక ఆవిడ కొడుకు ఉన్నాడు. నీకు చెప్పమంది. గంగాభవానికి నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. మొదటి బెంచీలో కూర్చుంటోంది.

ఇంకో సంతోషం. వారానికి ఒక పూట పని తెలిసిన బయటి మనిషి వచ్చి పాఠం చెప్పాలని పెట్టాం. మొదటి పేరు నీదే రాశాను. అందరూ సరేనన్నారు. సిలబస్ ప్రతి ఒకటి దీంతో పంపుతున్నాను, తీరిగ్గా చదువుకో.

నాకూ వయసు మీద పడుతోంది. కోర్సు చూసుకునే బాధ్యత కామర్సు ఆయనకి అప్పగించాను. నా పాత తెలుగు క్లాసులు నేను చెప్పుకుంటున్నాను. హాయిగా ఉంది.

నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు. మాటల మాస్టారు అని నన్ను అంటుంటారు, చూశావా!

సత్యప్రసాద్

*

అమలాపురం,
ఆగస్టు 18

హాయిగా ఉందని రాశారు. అబద్ధం.

అప్పగించలేదు మీరు. తీసేశారు మిమ్మల్ని. గంగాభవాని చెప్పింది. కాలేజీలో అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసట, నాకు తప్ప. మైకులో మీ పేరు పెట్టించుకున్నారని కరస్పాండెంటుకి కోపం. "పాఠాలన్నీ తిరిగి పెడతాను. కానీ కోర్సులో మీరుండకూడదు" అన్నారట. మీరు అక్కడికక్కడే సరేనని సంతకం పెట్టి, బయటికొచ్చి పిల్లలకి మిఠాయి పంచారట. తిట్లు పంచుకుందామని పేరు పెట్టమన్నారు. పంచుకోవడం కాదిది. పెద్ద ముక్క మీరు తినేసి నాకు చిన్నది మిగిల్చారు.

మీ మీద ఎంత కోపం వచ్చిందో, ఆ కోపం ఎంతసేపు ఏడుపుగా ఉండిపోయిందో రాయను. గోదాట్లో కలపమన్నాను చూశారూ, ఆ మర్యాద వేరు, ఇది వేరు. మీకు దణ్ణం పెడుతున్నాను మాస్టారూ. మా చెల్లి మొదటి బెంచీలో ఉంది. మాణిక్యం గారి కుర్రాడు కూడా సాయంత్రాలు వచ్చి జువాలజీ మేడం చెప్పేది వింటున్నాడట. నిన్న ఇంట్లో గంగాభవాని నాన్నని మోకాలి నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో అడిగి అడిగి చెప్పించి, డాక్టరుకి అలాగే చెప్పింది. డాక్టరు మందు మార్చాడు. నాన్న ఇవాళ మెట్లు దిగాడు. ఇదంతా మీరు కుర్చీ వదిలిన పుణ్యం.

దణ్ణం అయ్యింది. ఇక వినండి.

మీరు పంపిన సిలబస్ మొత్తం చదివాను. తొమ్మిదో పేజీలో, బయటి నుంచి పాఠం చెప్పడానికి వచ్చే మనిషి తనకు కావలసిన తోడు ఒకరిని క్లాసుకి తెచ్చుకోవచ్చు, ఆ తోడు ఎవరన్నది పూర్తిగా ఆ మనిషి ఇష్టం, అని ఉంది. మగ్గం ఆయన వస్తే నూలు పట్టే మనిషి ఉండాలి కదా అని మీరే పెట్టి ఉంటారు. కింద కామర్సు ఆయన సంతకం ఉంది. కరస్పాండెంట్ గారి సంతకం కూడా ఉంది.

నా తోడు మీరు.

కోర్సులో మీరు ఉండకూడదన్నారు. ఉండొద్దు. నాతో రండి. హెడ్డు కుర్చీ అక్కర్లేదు, నా పక్కన ఒక స్టూలు వేయిస్తాను. పిల్లలు తప్పు మాట్లాడితే తిట్టడం నాకొచ్చు. ఎందుకు తప్పో, ఎలా దిద్దుకోవాలో వాళ్ల మనసు నొప్పించకుండా చెప్పడం నాకు రాదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. నాకు రాని పాఠాన్ని సగం మానేసి చెబితే అది మళ్లీ ముక్కల్లేని ఉత్త పులుసే అవుతుంది. ఆ సగం మీరు చెప్పాలి.

మీరు పెద్దవారు, ఆలోచించుకుంటానంటారు. వద్దు. ఆలోచిస్తే ఎవరికి ఇబ్బందో గుర్తొస్తుంది మీకు. శనివారం పొద్దున్న కాలేజీలో నా చేత సంతకం పెట్టిస్తారట. తోడు పేరు దగ్గర ఖాళీ ఉంటే నేను సంతకం పెట్టను, మొదటి పాఠం చెప్పను, ఆటోలో ఇంటికొచ్చేస్తాను. అన్న మాట మీద ఉంటానని మీకు తెలుసు.

"నేను వస్తాను" అని మీ చేత్తో రాసి పంపండి. శుక్రవారం సాయంత్రం పోస్టుకి ఆ కాగితం నా చేతిలో ఉండాలి.

శ్రీదుర్గ